ఇనాస్పిషస్: మన శకునానికి దూరపు చుట్టం

ఇంగ్లీషు పాఠాలు చెబుతాను, అనువాదాలు చేస్తాను. ‘ఇనాస్పిషస్ అంటే అశుభకరమైన’ అని ఒక ముక్క రాసుకుని వదిలేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మాటలో చాలా ఉంది.

అపోహ: ఇనాస్పిషస్, సస్పిషస్ ఇంచుమించు ఒకటే.
వాస్తవం: కాదు. సస్పిషస్ అంటే అనుమానాస్పదం. రెండింటిలోనూ ‘చూడటం’ అనే లాటిన్ ధాతువు ఉంది, చుట్టరికం అంతవరకే.

అపోహ: మన శకునానికీ ఈ మాటకీ పోలికే లేదు.
వాస్తవం: ఇది చెప్పడమంటే నాకు మహా ఇష్టం. లాటిన్‌లో ‘ఏవిస్’ అంటే పక్షి. పక్షుల్ని చూసి దేవతల మనసు చెప్పేవాడు ‘ఆస్పెక్స్’. అందులోంచి ఆస్పిషస్ పుట్టింది. ముందు ‘ఇన్’ చేరితే దానికి వ్యతిరేకం. ఇక సంస్కృతంలో శకునం అన్నా పక్షే! శకుంతల పేరులో ఉన్నదీ పక్షే. క్రీ.పూ. 249లో సిసిలీ దీవిలోని ద్రెపానా దగ్గర నౌకాయుద్ధానికి ముందు రోమన్ల పవిత్రమైన కోళ్లు గింజలు ముట్టలేదట. వాళ్ల లెక్కలో అది అపశకునం. సేనాని క్లాడియస్ పుల్కర్ ‘తినకపోతే తాగనివ్వండి’ అని వాటిని సముద్రంలో పడేయించాడని, ఆ యుద్ధంలో ఓడిపోయాడని చెబుతారు. ‘ఆధ్వర్యంలో’ అనడానికి వాడే ‘అండర్ ది ఆస్పిసెస్ ఆఫ్’ కూడా ఈ కుటుంబానిదే. దయచేసి ఫ్లెక్సీల మీద ‘ఆస్పిషస్ ఆఫ్’ అని వేయించకండి.

అపోహ: ఆమినస్ అన్నా, ఇనాస్పిషస్ అన్నా ఒకటే.
వాస్తవం: ఆమినస్‌లో రాబోయే కీడు తాలూకు భయం ఉంటుంది. కమ్ముకొస్తున్న నల్లమబ్బు ఆమినస్. అర్ధరాత్రి ఫోన్ ఎత్తాక అవతలి మనిషి మాట్లాడకపోతే ఆ మౌనం ఆమినస్. జరిగిపోయిన ప్రమాదాన్ని అలా అనం. ఇనాస్పిషస్ ఎక్కువగా సమయాలకు, ఆరంభాలకు వాడతాం. మొదటి ఓవర్లోనే రెండు వికెట్లు పడితే ‘ఇనాస్పిషస్ స్టార్ట్’. అలా రాసినవాడికి శకునాల మీద నమ్మకం ఉండాల్సిన పనిలేదు.

అపోహ: రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నిటికీ ‘ఇనాస్పిషస్ టైమ్’ అని రాస్తే చాలు.
వాస్తవం: పంచాంగంలో ఇవి వేర్వేరు. రాహుకాలం పగటిలో ఎనిమిదో వంతు. వర్జ్యానిది నక్షత్రాన్ని బట్టి వేరే లెక్క. నేనైతే తెలుగు పేరే ఉంచి, పక్కన చిన్న వివరణ ఇస్తాను.

అపోహ: ఈ మాట మనుషులకూ నేరుగా తగిలించొచ్చు.
వాస్తవం: భర్త పోయినావిడ ఎదురొస్తే ప్రయాణం ఆపుకున్న సన్నివేశాన్ని ఒక విద్యార్థిని ఇంగ్లీషులోకి మారుస్తూ, ఆవిడను ‘ఇనాస్పిషస్ ఉమన్’ అని రాసింది. చదవగానే మనసు చివుక్కుమంది. ‘కన్సిడర్డ్ ఇనాస్పిషస్’ అని మార్చమన్నాను. ‘అలా భావించేవారు’ అన్న ఆ ఒక్క మాటతో అశుభం ఆవిడ గుణం కాకుండా పోతుంది, చూసినవాళ్ల నమ్మకంగా మిగులుతుంది. ఆ అమ్మాయి కాసేపు వాక్యాన్నే చూస్తూ ఉండి, అంతకుముందు పేజీలో అదే మాట వాడిన ఇంకో రెండుచోట్ల కూడా తనే దిద్దుకుంది.