టక్కుమని కూర్చున్న ర్యామ్

చిరంజీవులు చిన్నాకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీరు సెలవులు అయిపోయి వెళ్లాక ఇల్లు బోసిపోయింది గానీ, నా కంప్యూటర్లో మీరు వేసి వెళ్లిన ఆట మాత్రం నన్ను వదలడం లేదు. రాత్రి పదకొండింటిదాకా దాని ముందే ఉంటున్నానని అమ్మమ్మ ఫోన్లో చెప్పే ఉంటుంది. "ఇరవై ఏళ్లు నిజం కంప్యూటర్లకు బిగించింది చాలక, ఇప్పుడు ఉత్తుత్తి వాటికి కూడా స్క్రూలు బిగిస్తున్నారా!" అని ఆవిడ గొడవ. మీ అమ్మ కూడా అడిగింది, అందులో అంత ఏముంది నాన్నా అని. ఆ జవాబు మీకే రాస్తున్నాను. చదివి మీ అమ్మకు మీరే చెప్పండి.

ఉత్తుత్తి కంప్యూటర్లను విప్పి బిగించే ఈ ఆట పేరు పీసీ బిల్డింగ్ సిమ్యులేటర్. దీన్ని మొదట క్లాడియు కిస్ అనే రొమేనియా కుర్రాడు చిన్న నమూనాగా తయారుచేసి ఇంటర్నెట్లో పెట్టాడు. అది జనానికి నచ్చడంతో ఇంగ్లండులోని ఒక కంపెనీ చేయి కలిపింది. 2018 మార్చిలో ఇంకా తయారవుతూ ఉండగానే అమ్మకానికి వచ్చింది, 2019 జనవరిలో పూర్తి ఆట వచ్చింది. రెండో భాగం 2022లో. కథ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. టిమ్ అనే అంకుల్ తన రిపేరు షాపును మనకు వదిలేసి పోతాడు. ఈమెయిల్లో బేరాలు వస్తాయి. ఒకరిది వైరస్, ఒకరిది దుమ్ము, ఒకరికి తెరమీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు కొత్తది కావాలి. ఇంతే.

మరి ఈ ఇంతేలో ఏముంది?

మీరు ర్యామ్, అదే కంప్యూటర్ జ్ఞాపకశక్తి పలక, పెట్టేటప్పుడు చూశాను. బుజ్జి ప్రతిసారీ ఆ చప్పుడు కోసం ఆగేది. టక్! నేను మొదటిసారి నా చేత్తో ర్యామ్ పెట్టినప్పుడు బొటనవేళ్లు రెండూ వణికాయి. గట్టిగా నొక్కితే బోర్డు విరుగుతుందేమో, మెల్లగా నొక్కితే కూర్చోదేమో. రెండు పక్కల క్లిప్పులు వాటంతటవే లేచి పట్టుకున్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆ తర్వాత ఎన్ని వందలు పెట్టానో లెక్కలేదు, కానీ ఆ చప్పుడు ఒక్కసారి కూడా విసుగు పుట్టించలేదు. ఉండాల్సిన వస్తువు ఉండాల్సిన చోట కుదురుకోవడం చూస్తే మనసు కూడా కాస్త కుదుటపడుతుంది. అమ్మమ్మ పోపులపెట్టెలో గిన్నెలు సర్దుకునేటప్పుడు ఆవిడ మొహం చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

ఆటలో ప్రాసెసర్ మీద, అంటే కంప్యూటర్ మెదడు మీద, పేస్టు ఎందుకు రాయాలని చిన్నా అడిగాడు, అప్పుడు అన్నాలకు పిలిస్తే లేచిపోయాం. ప్రాసెసర్ పైభాగం, దాని మీద కూర్చునే కూలర్ అడుగు రెండూ అద్దంలా నున్నగా కనిపిస్తాయి గానీ, కంటికి ఆనని గుంతలు రెండింటిలోనూ ఉంటాయి. ఆ గుంతల్లో గాలి చేరుతుంది. గాలి వేడిని సరిగా దాటనివ్వదు, ఉన్ని దుప్పటి మనల్ని కాపాడేది కూడా తనలో పట్టి ఉంచిన గాలితోనే. ఆ గాలిని వెళ్లగొట్టి సందులు నింపడానికే పేస్టు. ఎక్కువ రాస్తే మేలని అనుకోకండి, సందు నిండితే చాలు.

ఆట నాకు ఇచ్చిన పెద్ద సుఖం వేరే ఉంది. అందులో స్క్రూ జారి బోర్డు కింద దూరదు. మౌసు నొక్కి పట్టుకుంటే బుద్ధిగా తిరిగి బయటికొస్తుంది. విడిభాగం కావాలంటే ఆర్డరు పెడితే మర్నాటికి వస్తుంది. నేనైతే ఖమ్మంలో రాత్రి బస్సెక్కి, తెల్లారి సికింద్రాబాదులో దిగి, కంప్యూటర్ విడిభాగాలు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెరిచేదాకా టీలు తాగుతూ కూర్చునేవాణ్ని. బేరమాడి కొన్న మదర్‌బోర్డును ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సు. ఇంటికొచ్చాక అది పనిచేయకపోతే మళ్లీ బస్సు! ఇంకో సంగతి, లక్ష దాటే గ్రాఫిక్స్ కార్డులు ఆటలో మీరు వంకాయలు ఏరినట్టు ఏరుతున్నారు. అవన్నీ నిజం కంపెనీల నిజం మోడళ్లే. ఆటలో ఫ్రీ బిల్డ్ అనే విభాగంలోకి వెళితే పైసా ఖర్చు లేదు. నాకు ఆ రోజుల్లో ఒక్కదాన్ని కూడా పాడుచేసే స్తోమత లేదు, అందుకే భయంభయంగా నేర్చుకున్నాను. పాడైపోతుందన్న భయం లేకుండా విప్పి చూడగలగడం ఎంత అదృష్టమో మీకు తెలియదు.

అయితే ఆటలో లేనిదొకటి చెప్పాలి. ఒకసారి పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సు నుంచి ఒక కంప్యూటర్ వచ్చింది. ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదలవుతోందట. నా బల్ల మీద రెండు రోజులు నిక్షేపంగా నడిచింది. పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. ర్యామ్ పిన్నులు రబ్బరుతో తుడిచాను, ర్యామే మార్చాను, లోపలికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె మార్చాను. మళ్లీ పంపాను, మళ్లీ వచ్చింది. ప్రెస్సు ఆయన నన్ను చూసే చూపు మారిపోయింది. చివరికి నేనే ప్రెస్సుకు వెళ్లి ఓ మూల స్టూలు మీద కూర్చున్నాను. గంట తర్వాత పక్క గదిలో అచ్చుమిషను మోటారు వేశారు. లైట్లు ఒక్క క్షణం మినుకుమన్నాయి, కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ వెలిగింది. రోగం పెట్టెలో లేదు, గోడలోని కరెంటు తీగలో ఉంది! ఒకే లైనుమీద రెండూ నడుస్తున్నాయి. నేను మార్చిన ర్యామ్‌కు, ఎస్ఎంపీఎస్‌కు డబ్బులు అడగడానికి మొహం చెల్లలేదు.

ఆటలో మాత్రం తప్పు ఎప్పుడూ పెట్టెలోనే ఉంటుంది, వెతికితే దొరికి తీరుతుంది. అబద్ధమే. కానీ ఆ అబద్ధం కోసమే రాత్రిళ్లు కూర్చుంటున్నాను. ఇప్పటి ఫోన్లు చూడండి, జిగురుతో అంటించి ఇస్తారు, విప్పితే మనదే తప్పు. స్క్రూడ్రైవర్‌తో తెరిచి, ఇది మెదడు, ఇది నిద్రలోనూ గడియారం నడిపే 3 వోల్టుల బ్యాటరీ అని వేలుపెట్టి చూపించగలిగే పెట్టెలు ఇంట్లో ఇంకెన్ని మిగిలాయి?

ఇది మరీ తేలికగా అనిపించిన రోజున చిన్నా టీఐఎస్-100 అనే ఇంకో ఆట ఆడి చూడాలి. 2015లో వచ్చింది. అందులోనూ ఒక అంకులే, చనిపోతూ అంతుపట్టని పాత కంప్యూటర్‌ను వదిలి వెళ్తాడు. స్క్రూలేమీ ఉండవు, చెడిపోయిన దాని లోపలి ప్రోగ్రాములను మనమే రాసి బాగుచేయాలి. ఆ కంప్యూటర్ గడులు గడులుగా ఉంటుంది, ఒక్కో గడిలో 15 లైన్లకు మించి రాయనివ్వదు. ముందు దాని మాన్యువల్ చదవాలి. మాన్యువల్ అనగానే నీ మొహం ఎలా పెడతావో ఇక్కణ్నుంచే కనిపిస్తోంది.

సరే, అసలు ఉత్తరం రాసిన పని ఇంకొకటి ఉంది. ఆటలో ఒక కంప్యూటర్ మూడు రోజులుగా నా బల్ల మీదే ఉంది. అన్నీ బిగించాను, మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఏదో కేబుల్ పెట్టడం మరిచిపోయినట్టున్నాను, ఎంత వెతికినా కనబడటం లేదు. ఆదివారం వీడియో కాల్ చేసి చూసి చెప్పండి. అమ్మమ్మ గుడికి వెళ్లే వేళకు చేయండి. ఈ సంగతి ఆవిడకు తెలిస్తే నా ఇరవై ఏళ్ల పరువు పోతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య