అంపైర్ లేని ఆటలో అన్ని తగవులెందుకు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

గోల్ఫ్ ఆడే పెద్దవాళ్లు అంత చిన్న బంతి గురించి అంత పెద్ద గొంతుతో ఎందుకు వాదించుకుంటారని అడిగారు. ఆడితే నడిచే ఆడాలని ఒకరంటారు. బంతిని చేత్తో ముట్టుకుంటే అసలది గోల్ఫే కాదని ఇంకొకరు. పొట్టి నిక్కరు వేసుకొచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేయాలని మూడో ఆయన. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. మొత్తం 18 హోల్స్. ఒక్కోదానికీ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర మొదలుపెట్టి, బంతిని కొట్టుకుంటూ పోయి, చివర గ్రీన్ (నున్నగా కత్తిరించిన గడ్డి) మీదున్న గుంతలో వెయ్యాలి. ఎన్నిసార్లు కొట్టామన్నదే లెక్క (ఒక్కో దెబ్బ ఒక స్ట్రోక్), తక్కువసార్లు కొట్టినవాడు గెలుస్తాడు. నాలుగైదు గంటలు పడుతుంది, ఏడెనిమిది కిలోమీటర్ల నడక ఉంటుంది. అంతకు మించి కిటుకేమీ లేదు, కష్టమంతా కొట్టడంలోనే.

విచిత్రమేమిటంటే ఈ ఆటలో అంపైర్ ఉండడు. పెద్ద టోర్నమెంట్లలో రిఫరీలు ఉంటారు గానీ, ఎక్కువగా పిలిస్తేనే వస్తారు. చెట్లలోకి పోయిన బంతి దగ్గర మీరొక్కరే ఉంటారు. కాలితో కాస్త జరిపినా చూసేవాడు లేడు. తప్పు జరిగితే మీ మీద మీరే పెనాల్టీ వేసుకోవాలి. గల్లీ క్రికెట్‌లో చూడండి, అంపైర్ లేడు కాబట్టే ఒన్ టప్పా క్యాచ్ ఔటా కాదా అని అరగంట గొడవ. రూలును కాపాడే మనిషి విడిగా లేనప్పుడు ఆడే ప్రతివాడూ తనే కాపలాదారు అనుకుంటాడు. గోల్ఫ్ వాళ్ల పట్టుదలకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ కాపలా ఎంత దూరం పోతుందో చెప్తాను. 1925లో అమెరికాలో యూఎస్ ఓపెన్ జరుగుతోంది. బాబీ జోన్స్ అనే కుర్రాడు గడ్డిలో ఉన్న బంతిని కొట్టబోతుంటే అది రవ్వంత కదిలిందని అతనికి అనిపించింది. ఇంకెవరూ చూడలేదు. అధికారులు విచారించి, నిర్ణయం నీదే అన్నారు. అతను తన స్కోరుకు ఒక స్ట్రోక్ కలుపుకున్నాడు. చివరికి విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క స్ట్రోక్ కలుపుకోకపోతే కప్పు అతనిదే. జనం పొగిడితే అతనికి ఒళ్లు మండిందట. బ్యాంకు దోచుకోనందుకు మనిషిని పొగుడుతారా అన్నాడని చెప్పుకుంటారు.

వందేళ్ల కిందటి ముచ్చట అని తీసిపారెయ్యకండి. మన తెలుగు దంపతుల కొడుకు, అమెరికాలో పుట్టి పెరిగిన సాహిత్ తీగల తెలుసు కదా? 2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో టూర్ ఛాంపియన్‌షిప్ ఆడుతూ, ఇసుక గుంటలో క్లబ్‌ను, అంటే బంతిని కొట్టే కర్రను, వెనక్కి తీసేటప్పుడు నాలుగు రేణువులు తగిలినట్టు (అలా తగలడం తప్పే) తనకు అనిపించిందని తనే పిలిచి చెప్పాడు. వీడియోలో కూడా స్పష్టంగా తేలలేదు. అయినా రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ తీసుకున్నాడు. టోర్నమెంటులో మూడో స్థానం వచ్చింది. ఆ రెండూ లేకపోతే కొలిన్ మొరికావాతో కలిసి రెండో స్థానంలో ఉండేవాడు. బహుమతి డబ్బులో లెక్కేస్తే 25 లక్షల డాలర్ల తేడా. ఇసుక రేణువు ఒక్కోటి ఎంత పడిందో మీరే భాగించుకోండి.

ఇక అసలు తగవుల్లోకి వద్దాం. అన్నిటికన్నా పాతది "బంతి ఎక్కడుంటే అక్కడే ఆడాలి" అన్నది. 1744లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో కొందరు పెద్దమనుషులు పోటీ పెట్టుకుంటూ 13 రూల్స్ రాసుకున్నారు. మనకు దొరికిన మొదటి గోల్ఫ్ రూల్స్ అవే. అందులో ఒకటి ఇలా ఉంటుంది: మీ బంతిని మనిషి గానీ, గుర్రం గానీ, కుక్క గానీ, మరేదైనా గానీ ఆపితే, ఆగినచోటి నుంచే ఆడాలి. కుక్క మీద ఫిర్యాదు చెల్లదన్నమాట.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. మీరు కొట్టిన షాట్ చక్కగా ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మధ్యలో పడింది. కానీ ముందు ఆడినవాడి క్లబ్ తగిలి గడ్డి పెళ్ల లేచిపోయిన చోట, ఆ డివట్ గుంటలో వెళ్లి కూర్చుంది. తప్పు మీది కాదు, శిక్ష మీకు. 1998 యూఎస్ ఓపెన్ చివరిరోజు పేన్ స్టువర్ట్‌కు ఇదే జరిగింది. నాలుగు స్ట్రోక్‌ల ఆధిక్యంతో ఆ రోజు మొదలుపెట్టినవాడు, పన్నెండో హోల్‌లో ఇసుక నింపిన డివట్‌లోంచి ఆడాల్సి వచ్చి అక్కడొక స్ట్రోక్ పోగొట్టుకున్నాడు, చివరికి ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడిపోయాడు. ఇదేం న్యాయం, తీసి పక్కన పెట్టుకోనివ్వాలి అని సగం మంది గోల్ఫర్లు ఈనాటికీ అంటారు. నా ఓటు మాత్రం పాత రూలుకే. డివట్ అంటే ఏది? నిన్నటిదా, సగం గడ్డి మొలిచిందా, ఉత్త పల్లమా? అంపైర్ లేనిచోట దాన్ని తేల్చేది ఎవరు? బంతి కొట్టాల్సినవాడే. తన కేసులో తనే జడ్జి అయితే మనిషి ఎంత దయగా తీర్పిస్తాడో మీకు చెప్పక్కర్లేదు. వానాకాలం బురదలో మాత్రం క్లబ్బులు లోకల్ రూల్ పెట్టి, ఫెయిర్‌వే మీద బంతిని తీసి తుడుచుకుని పెట్టుకోనిస్తాయి. దాన్ని కూడా ఒప్పుకోని ఛాందసులు ఉన్నారు. వాళ్లతో ఆడితే బట్టలు ఉతికినవాళ్లకే నష్టం.

గుంతకు మూరెడు దూరంలో ఉన్న బంతిని "సరే, పడినట్టే, తీసుకో" అనడాన్ని గిమ్మీ అంటారు. ఇద్దరు ఎదురెదురు తలపడే మ్యాచ్ ప్లేలో ఇది రూలు ప్రకారమే చెల్లుతుంది. స్ట్రోకులు లెక్కేసే పోటీలో చెల్లదు, చివరి అంగుళం దాకా కొట్టాల్సిందే. సరదాగా ఆడేవాళ్లు రెండూ కలిపేస్తారు, గొడవలు అక్కడే. మ్యాచ్ ప్లేలో కూడా ఎప్పుడివ్వాలన్న తగవు ఉంది. 1969లో అమెరికా, బ్రిటన్ జట్లు తలపడే రైడర్ కప్‌లో ఆఖరి గ్రీన్ మీద ఇంగ్లండ్ ఆటగాడు టోనీ జాక్లిన్‌కు రెండుమూడు అడుగుల పట్ (గ్రీన్ మీద బంతిని గుంతవైపు దొర్లించే దెబ్బ) మిగిలింది. తప్పితే అమెరికా పూర్తిగా గెలుస్తుంది. ఎదుట ఉన్న జాక్ నిక్లాస్ దాన్ని కొట్టనివ్వకుండానే ఇచ్చేశాడు. కప్పు చరిత్రలో మొదటిసారి 16-16తో సమానమైంది. లోకమంతా చప్పట్లు కొట్టింది గానీ, నిక్లాస్ సొంత కెప్టెన్ శామ్ స్నీడ్‌కు మాత్రం అస్సలు నచ్చలేదు. మేమిక్కడికి గెలవడానికి వచ్చాం కదా అన్నది ఆయన గోడు. నాకైతే ఇద్దరూ సరైనవాళ్లే అనిపిస్తారు, పైగా ఆ రోజు స్నీడ్ పక్కన ఎవరూ లేరు పాపం.

ఆ స్నీడ్ గారే ఇంకో తగవుకు కారణం. వయసు మీదపడి చిన్న పట్‌లు తప్పుతుంటే, రెండు కాళ్ల మధ్యలోంచి పట్టర్‌ను (పట్ కొట్టే క్లబ్‌ను) ఊపి ముందుకు కొట్టడం మొదలుపెట్టాడు. చూడ్డానికి బాగాలేదని పెద్దలు ముక్కు చిట్లించారు. 1968 నుంచి అలా కొట్టడం నిషేధం. అంతకుముందు 1904లో వాల్టర్ ట్రావిస్ అనే అమెరికన్ కొత్తరకం పట్టర్‌తో వచ్చి బ్రిటిష్ అమెచ్యూర్ టైటిల్ పట్టుకుపోయాడు. ఆరేళ్లకు స్కాట్లాండ్‌లో గోల్ఫ్ రూల్స్ చూసే సెయింట్ ఆండ్రూస్ పెద్దలు ఆ రకం పట్టర్‌ను నిషేధించారు, నలభై ఏళ్లు దాటాక గానీ ఎత్తెయ్యలేదు. మన కాలంలో పొడుగు పట్టర్‌ను పొట్టకో ఛాతీకో ఆనించి కొట్టేవాళ్లు వచ్చారు. దశాబ్దాల పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2011 నుంచి 2013 వరకు కీగన్ బ్రాడ్లీ, వెబ్ సింప్సన్, ఎర్నీ ఎల్స్, ఆడమ్ స్కాట్ వరసగా పెద్ద టైటిళ్లు గెలిచేసరికి, ఇది గోల్ఫ్ స్ట్రోకే కాదన్న సంగతి అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. 2016 నుంచి అదీ బంద్. ఓడినంత కాలం వింత, గెలిస్తే నేరం. సంప్రదాయం గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే, ఈ మధ్య ఎవరు గెలిచారో చూడటం నాకు అలవాటైపోయింది.

నడక సంగతికి వస్తే, నాకు నడిచి ఆడటమే ఇష్టం. బగ్గీలో (కోర్సులో తిరిగే చిన్న బండి, కార్టు అన్నా అదే) పోతే కోర్సు కనిపించదు, రోడ్డు కనిపిస్తుంది. కానీ నాకిష్టమైంది వేరు, ఇంకొకరి మీద రుద్దేది వేరు. కేసీ మార్టిన్ అని అమెరికాలో మంచి ఆటగాడు, కాలేజీలో టైగర్ వుడ్స్‌తో ఒకే టీమ్‌లో ఆడినవాడు. పుట్టుకతోనే కుడికాలిలో రక్తప్రసరణ జబ్బు. నడిస్తే ఎముక విరగొచ్చు, కాలే తీసెయ్యాల్సి రావచ్చు. కార్టులో తిరుగుతూ ఆడనివ్వమని అడిగితే, అమెరికాలో ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ కుదరదంది. అతను కోర్టుకెళ్లాడు. నిక్లాస్, ఆర్నాల్డ్ పామర్ అంతటివాళ్లు టూర్ తరఫున సాక్ష్యం చెప్పారు, నడక వల్ల వచ్చే అలసట కూడా ఆటలో భాగమేనని. 2001లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో మార్టిన్ పక్షాన తీర్పిచ్చింది. గోల్ఫ్ అంటే షాట్ కొట్టడం, నడవడం కాదంది. 18 హోల్స్ నడిస్తే ఖర్చయ్యేది సుమారు 500 కేలరీలేనన్న లెక్క కూడా తీర్పులో ఉంది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరైన జస్టిస్ స్కాలియా, గోల్ఫ్ అంటే ఏమిటో తేల్చే పవిత్ర బాధ్యత చివరికి మన కోర్టు మీద పడిందా అని వెటకారంగా రాశారు. వెటకారం బాగుంది, తీర్పు ఇంకా బాగుంది. అదే టూర్ అర్హత పోటీల తొలి దశల్లోనూ, సీనియర్ల పోటీల్లోనూ కార్టులు వాడనిచ్చేది మరి. అక్కడ గోల్ఫ్ ఏమైనా గోల్ఫ్ కాకుండా పోయిందా?

ఇవన్నీ ఒక ఎత్తు, "ఎలా ఆడాలి" అన్న మాట చాటున "ఎవరు ఆడాలి" అన్నది దాక్కోవడం ఒక ఎత్తు. 1744లో ఆ 13 రూల్స్ రాసిన బృందమే ఇప్పుడు స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్ కోర్సును నడుపుతున్న క్లబ్బు. వాళ్లకు ఫోర్సమ్స్ అంటే ప్రాణం, అంటే జట్టుకు ఒకే బంతి, ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి. చకచకా అయిపోతుంది. పద్ధతి మంచిదే. కానీ 2016లో ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వాలా అని ఓటు పెట్టినప్పుడు, వద్దన్నవాళ్లు ఈ వేగం తగ్గుతుందనీ, క్లబ్బులో లంచ్ ఏర్పాట్లు చెడతాయనీ కారణాలు చెప్పారు. మూడింట రెండు వంతుల ఓట్లు కావాల్సి ఉండగా 64 శాతమే పడ్డాయి. వెంటనే ఓపెన్ ఛాంపియన్‌షిప్ నడిపే ఆర్ అండ్ ఏ ఇక మీ దగ్గర ఓపెన్ పెట్టం పొమ్మంది. మరుసటి ఏడాది మళ్లీ ఓటేస్తే 80 శాతం మంది సరేనన్నారు. 2022లో మహిళల ఓపెన్ అక్కడే జరిగింది. లంచ్‌కు ఏ లోటూ వచ్చినట్టు వినలేదు.

ప్రస్తుతం నడుస్తున్న గొడవ బంతి గురించి. 1980లో అమెరికా ప్రొఫెషనల్స్ డ్రైవర్ అనే పొడుగు క్లబ్‌తో సగటున 257 గజాల దూరం కొట్టేవారు, ఇప్పుడు దాదాపు 300 గజాలు. కోర్సులు చాలడం లేదు. మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా కోర్సులో పదమూడో హోల్ టీని వెనక్కి జరపడానికి పక్క క్లబ్బు నేలను కొనాల్సి వచ్చింది. అందుకని బంతి అంత దూరం పోకుండా పరీక్షను కఠినం చేస్తామని గోల్ఫ్ రూల్స్ చూసే ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ 2023 డిసెంబరులో ప్రకటించాయి. నిక్లాస్ ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది అదే. మామూలు ఆటగాళ్లు మాత్రం, అసలే పోని బంతిని ఇంకా తగ్గిస్తారా అని లబలబలాడుతున్నారు. నేనూ లబలబలాడేవాళ్లలోనే ఉన్నాను. ఇదీ కొత్త గొడవేం కాదు. 1850ల నాటికే సెయింట్ ఆండ్రూస్‌లో ఈకలు కూరిన తోలు బంతులు తయారుచేసే ఆలన్ రాబర్ట్‌సన్, తన దగ్గర పనిచేసే టామ్ మోరిస్ చెట్టు పాలతో చేసిన చౌకరకం గట్టా పెర్చా బంతితో ఆడాడని తెలిసి తగవు పెట్టుకున్నాడు. మోరిస్ బయటికొచ్చి సొంత కొట్టు పెట్టుకున్నాడు. తోలు బంతి ఇప్పుడు మ్యూజియంలోనే దొరుకుతుంది.

వేసవి సెలవుల్లో వస్తున్నారు కాబట్టి మన ముగ్గురి రూల్స్ ఇప్పుడే చెప్పేస్తున్నాను. నడిచే ఆడతాం, కాలు నొప్పి పుడితే బగ్గీ ఎక్కొచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు. మొదటి టీ దగ్గర షాట్ పాడైతే ఒక్కటంటే ఒక్క ముల్లిగన్, అంటే లెక్కలోకి రాకుండా మళ్లీ కొట్టే అవకాశం. గిమ్మీ అడగకూడదు, నేనిస్తే తీసుకోవాలి. పొట్టి నిక్కర్లు వేసుకోవచ్చు గానీ కాలర్ ఉన్న షర్టు తెచ్చుకోండి, క్లబ్బు వాళ్లతో నేను పడలేను. స్కోరు కార్డు ఎవరిది వాళ్లే రాసుకోవాలి, నేను చూడను.

ఇట్లు,
మీ తాతయ్య