గది గాలి మారితే చేపల ట్యాంక్ నీళ్లూ మారతాయి

ఏసీ పడకగదిలో చేపల ట్యాంక్ ఉంటే ఇలా జరుగుతుంటుంది. సాయంత్రం పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 8.2 ఉంటుంది, తెల్లారి చూస్తే 7.7. నీళ్లు మార్చలేదు, కొత్త చేపను వేయలేదు. టెన్షన్ పడి షాపుకెళ్తే పీహెచ్ పెంచే సీసా చేతిలో పెడతారు. అది కొనేముందు గది గాలి సంగతి చూడండి.

బయటి గాలిలో ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420. నిద్రలో ఉన్న మనిషి గంటకు సుమారు పది పన్నెండు లీటర్లు వదులుతాడు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో పట్టే గాలి సుమారు 34 వేల లీటర్లు. ఇద్దరు తలుపులు బిగించుకుని పడుకుంటే గంటకు 600 పీపీఎం దాకా పెరగొచ్చు. సందుల్లోంచి కొంత పోయినా తెల్లారేసరికి 1,500 దాటడం విచిత్రమేమీ కాదు. మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలిని తేదు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఎక్కువుంటే నీళ్లలో అంత ఎక్కువ కరుగుతుంది. కరిగినదాంట్లో కొంత కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. గాలిలో రెట్టింపైతే పీహెచ్ సుమారు 0.3 తగ్గుతుంది, నాలుగు రెట్లయితే 0.6.

"మాది బోరు నీళ్లు, క్షారత ఎక్కువ, మా పీహెచ్ కదలదు" అంటారు చాలామంది. క్షారత అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, అది ఎక్కువగా బైకార్బొనేట్ వల్లే వస్తుంది. వేరే ఆమ్లాల విషయంలో వాళ్ల మాట నిజమే. ఇక్కడ మాత్రం పీహెచ్‌ను తేల్చేది బైకార్బొనేట్‌కూ, కరిగిన కార్బన్ డయాక్సైడ్‌కూ ఉన్న నిష్పత్తి. బైకార్బొనేట్ అలాగే ఉండి రెండోది రెట్టింపైతే నిష్పత్తి సగమవుతుంది, నీళ్లలో బైకార్బొనేట్ కొంచెమున్నా బోలెడున్నా సరే. బోరు నీళ్లు పై అంకె దగ్గర మొదలవుతాయి, దిగడం మాత్రం అంతే దిగుతాయి.

ఎయిర్ పంప్ పెడితే కార్బన్ డయాక్సైడ్ పోతుందనుకోవడం కూడా సగమే నిజం. బుడగలు నీళ్లను గది గాలితో సమానం చేస్తాయి. గది గాలిలోనే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుంటే అదే నీళ్లలోకి చేరుతుంది.

అసలు కారణం తేల్చుకోవడం తేలికే. ట్యాంక్ నీళ్లు రెండు గ్లాసుల్లో పట్టండి. ఒకటి గదిలో, ఒకటి బాల్కనీలో పెట్టి, రెండింట్లోనూ గంటసేపు ఎయిర్ స్టోన్ (పంప్ గాలిని చిన్న బుడగలుగా వదిలే రాయి) ఆడించి పీహెచ్ చూడండి. బాల్కనీ గ్లాసులోనే పెరిగితే తేడా గది గాలిదే. రెండూ ఒకేలా పెరిగితే రాత్రి మొక్కలూ చేపలూ వదిలిన కార్బన్ డయాక్సైడ్ ట్యాంక్‌లోనే నిలిచిపోతోంది, నీటి పైభాగం ఇంకా కదలాలి. రెండూ పెరగకపోతే అప్పుడు క్షారత పరీక్ష చేయించండి, అది తగ్గిపోయి ఉండొచ్చు.

ఇంతమాత్రం కార్బన్ డయాక్సైడ్‌తో చేపలకు ప్రమాదం లేదు. ప్రమాదం ఆ సీసాతోనే. పొద్దున్నే మందు పోసి 7.7ను 8.2కు తెచ్చారనుకోండి. కాసేపటికి కిటికీలు తీస్తారు, గాలి మారుతుంది, పీహెచ్ 8.7కు ఎక్కుతుంది. నీళ్లలో అమ్మోనియా ఉంటే, పీహెచ్ 7 నుంచి 8కి పెరిగినప్పుడు అందులో విషపూరితమైన భాగం దాదాపు తొమ్మిది రెట్లవుతుంది, ఆపైన ఇంకా పెరుగుతుంది. కాపాడాలని పోసిన మందే చేపను చంపొచ్చు.

కిటికీ కాస్త తీసి పడుకుంటే చాలావరకు సరిపోతుంది. ఏసీ తప్పదంటే ఎయిర్ పంప్‌ను వాన తగలని చోట, నీటి మట్టం కన్నా ఎత్తులో బాల్కనీలో పెట్టి, గొట్టం మాత్రం లోపలికి తీసుకోండి. పగడాలు పెంచేవాళ్లు స్కిమ్మర్ (గాలి బుడగల నురగతో నీళ్లలోని మలినాలు తీసే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టేది ఇందుకే.