గోదావరి వరద నాశిక్ నుంచి రాదండీ: అపోహలు - వాస్తవాలు

ఏటా జులై వచ్చిందంటే నా ఫోన్‌కి విశ్రాంతి ఉండదు. ధవళేశ్వరం దగ్గర వరద లెక్కలు చూసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. చుట్టాలు, పాత క్లాస్‌మేట్లు, లంకల్లో (నది మధ్య దీవుల్లాంటి ఊళ్లలో) పరిచయమైన రైతులు, అందరూ దాదాపు ఒకేలా అడుగుతారు. "నాశిక్‌లో కుంభవృష్టి అట, టీవీలో చూపించారు. మనకి ఎన్ని రోజుల్లో వస్తుందండీ?" ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఎందుకంటే తప్పు చోట చూస్తూ కూర్చున్నవాళ్లు అసలు వరద వచ్చేసరికి సామాను సర్దుకోకుండానే ఉంటారు.

అపోహ: నాశిక్‌లో వాన పడితే మనకు వరద.

గోదావరి పుట్టింది నాశిక్ జిల్లా త్ర్యంబకేశ్వరం దగ్గర బ్రహ్మగిరిలోనే. అరేబియా సముద్రం అక్కడికి 80 కిలోమీటర్లే. అయినా అటు పోకుండా తూర్పుకు తిరిగి 1465 కిలోమీటర్లు నడిచి మన బంగాళాఖాతంలో కలుస్తుంది. అంతవరకు బడిలో చదువుకున్నదే. అయితే బ్రహ్మగిరిలో పడిన చుక్క మన రేవు దాకా రావడం చాలా కష్టం. కనుమలు దాటగానే నది వానలు తక్కువగా పడే మరాఠ్వాడాలోకి దిగుతుంది. పైఠణ్ దగ్గర జైక్వాడీ జలాశయం ఆపుతుంది. తెలంగాణలో కందకుర్తి దగ్గర మంజీర వచ్చి కలిశాక శ్రీరామసాగర్ ఆపుతుంది. శ్రీరామసాగర్ వరకు ఉన్న పరీవాహకం సుమారు 91,750 చదరపు కిలోమీటర్లు. మొత్తం 3,12,812లో మూడో వంతుకు కాస్త తక్కువ. మన వరదలో దాని వాటా మాత్రం అంతకన్నా చాలా చిన్నది. ఆ జలాశయం నిండి రెండు మూడు లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు) వదిలినా, ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చేది 10 లక్షలకు.

మరి మిగతా నీళ్లు ఎక్కడివి? కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. వైన్‌గంగ, వార్ధా, పెన్‌గంగ నదుల నీళ్లన్నీ కలుపుకుని విదర్భ నుంచి దిగుతుంది. దాని పరీవాహకమే సుమారు 1,09,000 చదరపు కిలోమీటర్లు. ఇంకాస్త కిందకొస్తే ఒడిశా కాలాహండిలో పుట్టి బస్తర్ అడవుల మీదుగా వచ్చే ఇంద్రావతి. కూనవరం దగ్గర శబరి. మన వరదను తెచ్చేది ఈ ముగ్గురే. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా విదర్భ వైపు కదిలితే ఈ మూడింటి మీదా ఒకేసారి కురుస్తుంది. నాకు టెన్షన్ మొదలయ్యేది అప్పుడు. నాశిక్ వార్త చూసి నేను ఒక్క రాత్రి కూడా నిద్ర మానుకోలేదు.

అపోహ: బ్యారేజీ గేట్లు ఎత్తారు కాబట్టే లంకలు మునిగాయి.

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. కాగితం తీసి ఈ లెక్క వేసి చూడండి. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ధవళేశ్వరం కాటన్ బ్యారేజీలో నిలిచేది సుమారు 3 టీఎంసీలు. ఎగువ నుంచి 20 లక్షల క్యూసెక్కులు వస్తున్నప్పుడు 175 గేట్లూ దించేశామనుకోండి. ఖాళీ బ్యారేజీ కూడా ఇరవై అయిదు నిమిషాల్లో నిండిపోతుంది. ఆ తర్వాత?

అది వరదను ఆపడానికి కట్టింది కాదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట అయినా, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బ్యారేజీ అయినా, చేసే పని ఒకటే. నీటిమట్టాన్ని కొంచెం పైకి లేపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి ఎక్కించడం. వరదప్పుడు గేట్లన్నీ నీటికి అందకుండా పైకి ఎత్తి పెడతాం. వచ్చింది వచ్చినట్టు వెళ్లిపోతుంది.

అపోహ: భద్రాచలంలో 53 అడుగులు, ధవళేశ్వరంలో 15 అడుగులే. మనకేం భయం లేదు.

అడుగులు అంటే లోతు కాదు. గోడకో స్తంభానికో వేసిన గేజి మీద, ఎక్కడో ఒక సున్నా పెట్టుకుని పైకి కొలిచిన అంకె. భద్రాచలం సున్నా వేరు, మనది వేరు. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. ఇక్కడ 11.75, 13.75, 17.75కి. మన 17.75 అంటే 17 లక్షల క్యూసెక్కులు. అంకె చిన్నదని ధైర్యపడకండి.

రాత్రిపూట ఆ అంకె ఎలా తీస్తామో కూడా చెప్పాలి. టార్చి వేసి గేజి పలక మీదకు చూస్తాం. నీరు నిలకడగా ఉండదు, అల కొడుతూనే ఉంటుంది. అల ఎక్కినప్పుడు ఎక్కడిదాకా తడిసింది, దిగినప్పుడు ఎక్కడ ఆగింది, రెండూ చూసి మధ్యది రాసుకుంటాం. ఒకసారి చూసి నమ్మం, మూడు నాలుగుసార్లు చూస్తాం. గంట గంటకూ ఇదే. వరుసగా మూడు గంటలు అదే అంకె వస్తే పుస్తకంలో "నిలకడ" అని రాస్తాం. ఆ ఒక్క మాట రాయడం కోసం ఎన్ని రాత్రులు ఎదురుచూశామో.

ఇంకొక సంగతి. భద్రాచలంలో అడుగులు పెరిగాయంటే గోదావరే పెరిగిందని కాదు. కింద కూనవరం దగ్గర శబరి పొంగితే ఎగపోటు తగులుతుంది. ముందుకు పోలేక నీరు వెనక్కి నిలుస్తుంది. అందుకే ఒక్క గేజి చూసి మాట్లాడకూడదు, పైనా కిందా రెండూ చూడాలి.

అపోహ: 86లో రాలేదు, ఇప్పుడేం వస్తుంది?

1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు. ధవళేశ్వరంలో సుమారు 35 లక్షల క్యూసెక్కులు. ఆ వరద చూసినవాళ్లకు అదే కొలబద్ద. 2022 జులైలో ఒక లంకలో పెద్దాయన అరుగు మీద నుంచి కదల్లేదు. "86లోనే మా అరుగు ఎక్కలేదండీ. పైగా జులైలో పెద్ద వరద ఎక్కడుంది?" అన్నారు. ఆ రాత్రే నీళ్లు అరుగు దాటి గడప ఎక్కాయి. ఆయన్నీ, రెండు దూడల్నీ పడవలో తీసుకొచ్చారు. గాదె వదిలేయాల్సి వచ్చింది. ఆ నెలలో భద్రాచలం 71.3 అడుగులకు చేరింది.

ఆయన మాట అబద్ధం కాదు. 86లో గట్లు చాలాచోట్ల తెగి నీరు ఊళ్ల మీదికి మళ్లింది. తర్వాత గట్లు ఎత్తు పెంచి బలపరిచారు. ఇప్పుడు నీరంతా రెండు గట్ల మధ్యే నిలబడుతుంది, లంకలు ఉన్నది ఆ మధ్యనే. దానికి తోడు ఇసుక మేటలు పడ్డచోట పడతాయి, కోసుకుపోయినచోట పోతాయి. 86 నాటి ఏరు ఇప్పుడు అక్కడ లేదు. పాత గుర్తు కన్నా ఈ పూట గేజి చెప్పేది నమ్మండి.

అపోహ: దాళ్వాకి (రబీ వరికి) వచ్చే నీరు కూడా పైనుంచి వచ్చే గోదావరిదే.

చాలావరకు సీలేరుది. బలిమెల, డొంకరాయి జలాశయాల్లో ఆగి, కరెంటు తీశాక వదిలిన నీరు శబరిలో పడి, అక్కడి నుంచి గోదావరిలోకి వచ్చి మన కాలువలెక్కుతుంది. ఎండలు ముదిరాక సహజంగా వచ్చే నీరు బాగా పడిపోతుంది. సీలేరు నుంచి విడుదల తగ్గిన ఏడు వంతులవారీగా నీళ్లిస్తారు.

అపోహ: వేల టీఎంసీలు సముద్రంలో వృథాగా పోతున్నాయి.

వాడుకోగలిగినంత వాడుకోవాలి, కాదనను. కానీ "వృథా" అన్న మాట నాకు మింగుడుపడదు. కోనసీమ నేల అంతా ఈ వరదలు వేల ఏళ్లు మోసుకొచ్చి పరిచిన ఒండ్రు. ఎగువ జలాశయాల్లో ఆ ఒండ్రు ఆగిపోతున్న కొద్దీ సముద్రపు ఒడ్డుకు మట్టి చేరడం తగ్గుతుంది. కోరింగ మడ అడవులు బతికేది మంచినీరు, ఉప్పునీరు కలిసే చోట. గౌతమిలో వేసవిలో ఉప్పునీరు పైకి ఎక్కొస్తుంది, దాన్ని వెనక్కి నెట్టేది వరద నీరే.

పులస సంగతీ అంతే. ఆస్ట్రేలియా నుంచి ఈదుకుంటూ వస్తుందని మా వైపు పెద్దలు చెబుతారు. ఆ చేప అక్కడ ఉండనే ఉండదు. బంగాళాఖాతంలోనే తిరుగుతుంది, అప్పుడు దాన్ని విలస అంటారు. ఎర్రనీరు (మట్టి కలిసిన వరద నీరు) సముద్రంలో కలవగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురు ఎక్కుతుంది, అప్పుడు పులస. ఎర్రనీరు రాని ఏడు ఏ దారి చూసుకుని వస్తుంది?

అపోహ: ధవళేశ్వరంలో హెచ్చరిక తీసేశారు, ఇంక ఇంటికి పోవచ్చు.

ధవళేశ్వరం కింద నది గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. మా దగ్గర తగ్గుముఖం పట్టిన నీరు ఆ పాయల గుండా దిగాలి. అమావాస్యకో పున్నమికో సముద్రం పోటు మీద ఉంటే చివరి లంకల్లో నీరు లాగదు. అంతర్వేది వైపు రోజంతా చూసినా ఒక బెత్తెడు కూడా తగ్గని సందర్భాలున్నాయి. మీ ఊరి రేవులో ఒక కర్ర పాతి గీత పెట్టుకోండి. వరసగా రెండు పోట్లు దాటినా నీరు ఆ గీత మళ్లీ ఎక్కకపోతే, అప్పుడు పశువుల్ని కిందికి దింపండి.