దుమ్ము, బొద్దింక, బ్లూటూత్: మా బెంచీ మీది అపోహలు

గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆటలాడే యంత్రం, మూత విప్పగానే చాలాసార్లు నాకు మొదట కనిపించేది చిప్పు కాదు, బొద్దింక. ప్లేస్టేషన్ 4 లోపల పవర్ సప్లై దగ్గర వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, గాలి రంధ్రాలు చిన్న బొద్దింక దూరడానికి సరిపోతాయి. అంత మంచి కాపురం దానికి వంటగదిలో కూడా దొరకదు. అది బోర్డు మీద రెండు పిన్నుల మధ్య అడ్డంగా పడిందంటే దాని ప్రాణంతో పాటు కన్సోల్ ప్రాణమూ పోతుంది. తెచ్చినవారు మాత్రం "అప్‌డేట్ వచ్చిన మర్నాడే పోయిందన్నా, కొత్తది కొనిపించడానికి కంపెనీవాళ్లే చేశారు" అంటారు.

ఒడిశాలోని బరంపురంలో పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. దుకాణం ముందు ఒక చెక్క బెంచీ ఉంది. రిపేరుకు వచ్చినవారు గంటసేపు కూర్చోవాలి, కూర్చున్నవారు ఊరికే ఉండలేరు. ఇటు ఇచ్ఛాపురం నుంచి, అటు ఛత్రపురం నుంచి వస్తారు. తెలుగులో మొదలైన వాదన ఒడియాలో పెరుగుతుంది, హిందీలో తెగుతుంది. విషయాలు మాత్రం మూడే: ఆటల యంత్రం, ఓట్ల యంత్రం, సూపర్ హీరోల సినిమా. మూడింటి వెనకా ఎవరిదో పెద్ద చెయ్యి ఉందని బెంచీ నమ్మకం. నేను విప్పి చూసే మనిషిని. ఇన్నేళ్లలో లోపల చెయ్యి కనిపించింది తక్కువ, దుమ్ము కనిపించింది ఎక్కువ.

అపోహ: కంపెనీ అప్‌డేట్ పంపి పాత కన్సోల్‌ను కావాలని పాడుచేస్తుంది.

వాస్తవం: ఫ్యాను విమానంలా అరవడం మొదలైందంటే నేను ముందు చూసేది సాఫ్ట్‌వేర్ కాదు, వేడిని బయటికి పంపే రేకుల మధ్య పేరుకున్న దుమ్ము. అది కంబళిలా అల్లుకుని ఉంటుంది. చిప్పుకూ రేకులకూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ నాలుగైదేళ్లకు ఎండి పెచ్చులు కడుతుంది. పైగా కొత్త ఆటలు పాత ఆటలకంటే బరువు. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే యంత్రాల్లో ఇంకో చిక్కు కూడా ఉంటుంది: ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టి, తల అరిగిపోయి, విప్పడానికే అరగంట పడుతుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి యంత్రం మొండికేసిన సందర్భాలు ఉన్నాయి, కాదనను. దానికి కారణం లైను, కుట్ర కాదు.

అపోహ: పని చేయకపోతే ఆట క్యాసెట్ తీసి ఊది పెట్టాలి.

వాస్తవం: ఇది మా తరం మూఢనమ్మకం. 1990లలో మన ఇళ్లలో ఆడినవి ఎక్కువగా జపాన్ కంపెనీ నింటెండో యంత్రానికి నకళ్లు. క్యాసెట్ మీద లక్షల్లో అంకె, లోపల తిప్పి తిప్పి అవే పది పదిహేను ఆటలు. ఊదినందువల్ల అవి పని చేయలేదు. తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు కొత్తగా ఆనుకున్నందువల్ల పని చేశాయి. ఊపిరిలోని తడి ఆ పిన్నులను మెల్లగా తినేసింది. ఊదవద్దని నింటెండో కూడా చెప్పింది. ఇప్పటికీ నలభై దాటిన తండ్రులు కొడుకు తెచ్చిన కన్సోల్‌లో టీవీ తీగ పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టులోకి ఊదుతారు. నా ముందే ఊదుతారు. ఏమీ అనను, బట్ట తీసి తుడుచుకుంటాను.

అపోహ: స్టెబిలైజర్ ఉంటే చాలు. ఉరుము వస్తే ప్లగ్గు పీకితే చాలు.

వాస్తవం: ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మా జిల్లాలో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. కన్సోళ్లలో వాడే తరహా పవర్ సప్లైలు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతాయి. మీ యంత్రం అడుగున ఉన్న చీటీ చూస్తే తెలుస్తుంది. వోల్టేజీ కొంచెం తగ్గితే దానికేమీ కాదు. ఫ్రిజ్‌కు పెట్టే స్టెబిలైజర్ టక్కు టక్కుమంటూ తీరిగ్గా మారుతుంది. కరెంటు పోయి వచ్చేటప్పుడు కొట్టే దెబ్బ దానికంటే ఎన్నో రెట్లు వేగం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తుపాను రాత్రి పోయిన టీవీలకంటే, తర్వాత లైన్లు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో పోయినవే నా దగ్గరికి ఎక్కువ వచ్చాయి.

ఇక పిడుగు. "ప్లగ్గు పీకేశాను మావయ్యా, అయినా బొమ్మ రావడం లేదు" అంటాడు కుర్రాడు. ప్లగ్గు పీకాడు, నిజమే. కేబుల్ టీవీ తీగ పీకలేదు. మేడ మీది తీగ నుంచి సెట్‌టాప్ బాక్సుకు, అక్కడి నుంచి టీవీకి, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ గుండా కన్సోల్‌కు: పిడుగు దెబ్బ ఈ దారిలో వస్తుంది. బయట చెక్కుచెదరదు, లోపల బొమ్మను పంపే చిప్పు కాలుతుంది. ఉరుము వినిపిస్తే హెచ్‌డీఎంఐ తీగ కూడా తీయండి. గోడ ప్లగ్గులో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక తీగ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో నేను చూసినవాటిలో చాలా వాటికి లేదు.

అపోహ: రాత్రంతా ఆడితే చిప్పు కరుగుతుంది.

వాస్తవం: పిల్లలను పడుకోబెట్టడానికి పెద్దలు చెప్పే మాటగా బాగానే ఉంది. యంత్రం సంగతి వేరు. ఎక్స్‌బాక్స్ 360కి ఎర్ర దీపాలు వెలిగి ఆగిపోయే జబ్బు వచ్చినప్పుడు, ఆ యంత్రం చేసిన మైక్రోసాఫ్ట్ 2007లో వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం వల్ల చిప్పు లోపలి సన్న టంకాలు చిట్లడమే కారణమని తర్వాత వారే చెప్పారు. అంటే అదేపనిగా వెలుగుతూ ఉండటంకంటే ఆర్పి వెలిగించడమే ఆ టంకాలను ఎక్కువ నలిపింది. ఆ రోజుల్లో యంత్రాన్ని తువ్వాలులో చుట్టి వేడెక్కిస్తే బాగవుతుందనే వైద్యం ఒకటి ఉండేది. బాగయ్యేది కూడా, వారం రోజులు. తర్వాత నా దగ్గరికి వచ్చేది, కాలిన తువ్వాలు వాసనతో.

అపోహ: పెట్టె మీద పెద్ద అంకె ఉన్నదే మంచిది.

వాస్తవం: ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లెక్క 12 టెరాఫ్లాప్‌లు, ప్లేస్టేషన్ 5 లెక్క 10.28. టెరాఫ్లాప్ అంటే చిప్పు లెక్కలు చేసే వేగానికి కొలత. ఈ తేడా మీద మా బెంచీ మీద స్నేహాలు చెడ్డాయి. రెండు యంత్రాల మీదా ఒకే ఆట పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పమంటే ఆ ఇద్దరూ తప్పు చెప్పారు. 825 జీబీ అని రాసిన ప్లేస్టేషన్ 5లో ఆటలకు మిగిలేది 667 జీబీ. మీ ఇంట్లో ఉన్నది సెకనుకు 60 బొమ్మలు చూపే మామూలు 60 హెర్ట్జ్ టీవీ అయితే, పెట్టె మీద రాసిన 120 మీకు పనికిరాదు. ఇంతకంటే ఈ విషయం మీద మాట్లాడాల్సింది లేదు.

అన్నీ అపోహలే అనుకుంటే నేనూ పప్పులో కాలేసిన సందర్భం ఒకటి ఉంది. ఒక అమెరికా కంపెనీ అమ్ముడుపోని గేమ్ క్యాసెట్లను ఎడారిలో పాతిపెట్టిందని బెంచీ మీద ఒక రిటైర్డు మాస్టారు చెప్పేవారు. అందరం నవ్వేవాళ్లం. అటారీ కంపెనీ 1982లో ఒక గ్రహాంతరవాసి సినిమా ఆధారంగా ఐదారు వారాల్లో ఆట తయారుచేయించి చేతులు కాల్చుకుంది. 1983లో మిగిలిన సరుకును న్యూమెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పాతింది. 2014 ఏప్రిల్‌లో తవ్వితే క్యాసెట్లు నిజంగానే బయటపడ్డాయి. ఆ వేసవిలో మాస్టారు బెంచీ మీద కూర్చున్న తీరు చూడాలి. అప్పటి నుంచి ఏ మాటనైనా కొట్టిపారేసే ముందు తవ్వి చూశారా అని అడుగుతాను.

ఆ ప్రశ్నతోనే ఓట్ల యంత్రం దగ్గరికి రావాలి.

అపోహ: ఈవీఎంను బయటి నుంచి బ్లూటూత్‌తో తిప్పేస్తారు. "నువ్వు మెకానిక్కువి కదా, నీకు తెలియదా" అని నన్ను సాక్షిగా లాగుతారు.

వాస్తవం: ఈవీఎం నేను విప్పలేదు, ఎవరూ విప్పనివ్వరు కూడా. ప్రభుత్వ రంగంలోని బీఈఎల్, ఈసీఐఎల్ మాత్రమే వాటిని తయారుచేస్తాయి. అందులో రేడియో సంకేతం అందుకునే భాగమేదీ లేదని ఎన్నికల సంఘం చెబుతుంది. అది లేని యంత్రానికి బ్లూటూత్‌తో మాట చెప్పడం, తీగ లేని ఫ్యానుకు స్విచ్చు వేయడం లాంటిది. అయినా విప్పి చూడనిదాన్ని నేను గొంతు చించుకుని సమర్థించను. చూసిన మనిషిని అడిగాను. మా ఆవిడ ఉపాధ్యాయురాలు, ఎన్నికల డ్యూటీ చేసింది.

ఆమె చెప్పిన క్రమం ఇది. 2024 మే 13న మా వైపు లోక్‌సభకూ శాసనసభకూ ఒకేరోజు పోలింగ్, కాబట్టి యంత్రాలు రెండు జతలు. ఏ యంత్రం ఏ బూతుకు వెళ్లాలో కంప్యూటర్ రెండు విడతల్లో చీటీ వేసినట్టు తేలుస్తుంది. పోలింగ్‌కు గంటన్నర ముందు, పార్టీల ఏజెంట్ల ఎదుట కనీసం 50 నమూనా ఓట్లు వేస్తారు. యంత్రం లెక్కనూ, ప్రతి ఓటుకూ చీటీ అచ్చువేసే వీవీప్యాట్‌లో పడ్డ చీటీల లెక్కనూ పోల్చి చూస్తారు, యంత్రాన్ని ఖాళీ చేస్తారు, ఆ చీటీలను నల్ల కవరులో పెట్టి సీలు వేస్తారు. ఓటు వేశాక వీవీప్యాట్ గాజు వెనక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. తప్పు గుర్తు వచ్చిందని ఎవరైనా అంటే, రాసి ఇమ్మని, ఏజెంట్ల ముందు పరీక్ష ఓటు వేయిస్తారు. అబద్ధమని తేలితే శిక్ష ఉంటుందని ముందే చెబుతారు. "అరిచినవారిలో రాసిచ్చేవారు ఎందరు?" అని అడిగితే మా ఆవిడ నవ్వి ఊరుకుంది.

అనుమానం వచ్చినవారంతా మూర్ఖులని నేను అనను. వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల గుర్తులను ఎక్కించే చిన్న పరికరం గురించి అడిగినవారు బ్లూటూత్ గురించి అరిచినవారికంటే ఎంతో తెలివైనవారు. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చీటీలన్నింటినీ లెక్కించాలన్న విన్నపాన్ని తోసిపుచ్చుతూనే, ఆ పరికరాలకు సీలు వేసి ఫలితాల తర్వాత 45 రోజులు భద్రపరచమంది. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు కోరితే, ప్రతి శాసనసభ సెగ్మెంటులోనూ 5 శాతం యంత్రాల చిప్పులను పరిశీలించే వీలు కల్పించింది. మెకానిక్కుగా నాకు నచ్చింది ఈ రెండోదే.

అపోహ: సరిహద్దు మనుషులం కాబట్టి ఇటొకటి, అటొకటి ఓటు వేయవచ్చు.

వాస్తవం: ఇచ్ఛాపురంలో అత్తవారి ఇల్లు, బరంపురంలో సొంత ఇల్లు, రెండుచోట్లా జాబితాలో పేరు. ఇలాంటివారు నాకే తెలుసు. ఒకటికి మించిన నియోజకవర్గంలో పేరు ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అంటుంది. ఒకే తరహా ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే రెండూ చెల్లవని 1951 చట్టం అంటుంది. 2024లో అటూ ఇటూ పోలింగ్ ఒకేరోజు. వేలి మీది సిరా మా గంజాం జిల్లా దాటితే పోదు.

అపోహ: బయటి రాష్ట్రంవారు ఇక్కడ లోక్‌సభకు నిలబడలేరు.

వాస్తవం: దీనికి మా ఊరే జవాబు. 1996లో పి.వి. నరసింహారావు నంద్యాలలోనూ బరంపురంలోనూ పోటీ చేసి రెండూ గెలిచి, బరంపురాన్ని ఉంచుకున్నారు. లోక్‌సభకైతే దేశంలో ఎక్కడ ఓటరైనా చాలు, శాసనసభకైతే ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలి. నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే ఎన్నిక రద్దవుతుందన్నది కూడా ఇలాంటి మాటే. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటా తర్వాత ఎవరు ముందుంటే వారే గెలిచినట్టు.

సూపర్ హీరోల గురించి నా అధికారం తక్కువ, అభిప్రాయం ఎక్కువ. మా ఊరి ఠాకురాణీ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి జనం వేషాలు వేస్తారు. పులివేషం వేసి ఎండలో గంటలకొద్దీ ఆడే మనిషిని చూశాక, తీగలకు వేలాడే అమెరికా హీరో నాకు అంతగా ఆనడు. అయితే బెంచీ మీద నడిచే ఒక వాదన మాత్రం నా పనికి సంబంధించినది. స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు ప్లేస్టేషన్ చేసే సోనీవి కాబట్టే ఆ ఆట ప్లేస్టేషన్‌కే వచ్చిందని అంటారు. సినిమా హక్కులు సోనీవన్నది నిజం. ఆ పాత్ర సొంతదారు మార్వెల్ కంపెనీ 1996లో దివాలా తీసింది, 1999లో ఆ హక్కులు సోనీకి చేరాయి. కానీ ఆట హక్కులు వేరు. ఆ తర్వాత చాలా ఏళ్లు స్పైడర్‌మ్యాన్ ఆటలను వేరే కంపెనీ చేసింది, అవి ఎక్స్‌బాక్స్ మీదా వచ్చాయి. ప్లేస్టేషన్‌కే పరిమితమైన ఆట 2018లో వచ్చింది. 2022లో అదీ కంప్యూటర్ మీదికి వచ్చింది. ఇల్లు ఒకరిది, పెరట్లో కొబ్బరిచెట్టు మరొకరిది అన్నట్టు.

మొన్న ఈ వాదన జరుగుతుండగానే, అప్‌డేట్‌తో పోయిందన్న ప్లేస్టేషన్ 4 ఒకటి విప్పాను. బొద్దింకలు నాలుగు. కడిగి, తుడిచి, పవర్ సప్లై మార్చి, కన్సోల్‌ను నేల మీద కాకుండా టీవీ బల్ల మీద, అన్నం పళ్లేలకు దూరంగా పెట్టమని ఆ కుర్రాడికి చెప్పాను. వాడు తల ఊపాడు, నమ్మలేదు. అందుకే ఈ మధ్య దొరికినవాటిని చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, బిల్లుతో పాటు పిన్ను కొట్టి ఇస్తున్నాను. వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లే కనిపిస్తుంది, ఇది ఇంటికి తీసుకెళ్లి ఎంతసేపైనా చూసుకోవచ్చు.