ఆకాశంలో కోనేరు

చిరంజీవులు అమ్మలుకి, చిన్నోడికి, వాళ్లతో కలిసి ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

అమ్మలూ, మొన్న నువ్వు ఫోన్‌లో అడిగిన మాటే నా మనసులో తిరుగుతోంది. సంక్రాంతి మూడు రోజులూ మీరిద్దరూ పొద్దుగూకేదాకా మేడ మీద గాలిపటాలు ఎగరేశారు. ఎవరూ ఏమీ అనలేదు. పండగ వెళ్లిన వారానికి మీ నాన్న కొనిచ్చిన బుల్లి డ్రోన్ బయటికి తీశారో లేదో, పక్కింటాయన వచ్చి "ఎయిర్‌పోర్ట్ దగ్గర కదమ్మా, మ్యాప్ చూసుకున్నారా?" అన్నారట. డ్రోన్ మళ్లీ పెట్టెలోకి వెళ్లింది. రాత్రి నువ్వు నాకు ఫోన్ చేశావు. "తాతయ్యా, గాలిపటానికి లేని రూలు డ్రోన్‌కి ఎందుకు? ఆకాశానికి గేట్లు ఎవరు పెట్టారు?" అని.

ముందు ఒక్క మాట సరిచేస్తాను. గాలిపటానికి రూలే లేదని అనుకోకు. మన దేశంలో 1934లో విమానాల చట్టం చేశారు. అందులో 'ఎయిర్‌క్రాఫ్ట్' అంటే ఏమేమిటో చెబుతూ బెలూన్లు, గ్లైడర్ల సరసన గాలిపటం పేరు కూడా రాశారు. రంగుకాగితం, రెండు పుల్లలు, ఇంత మైదాపిండి జిగురు. అది కూడా ఆ చట్టంలో విమానాల వరసలోనే చేరింది! మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. కాకపోతే గాలిపటం దారం నీ చేతిలో ఉంటుంది. దారాన్ని మించి అది పైకి పోలేదు. డ్రోన్‌కి కనిపించే దారం లేదు. నువ్వు మీట నొక్కితే అది ఎంత పైకి పోయిందో నీకే తెలియకుండా పోగలదు.

ఇక గేట్ల సంగతి. అవి గేట్లు కావమ్మా, మెట్లు.

మన ఊరి గుడి కోనేరు గుర్తుందిగా? పోయిన వేసవిలో చిన్నోడు దాని మెట్లు లెక్కపెడుతూ మధ్యలో మరిచిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ కోనేరు పైన నాలుగు వైపులా విశాలంగా ఉంటుంది. ఒక్కో మెట్టూ దిగేకొద్దీ ఇరుకవుతూ, అడుగున చిన్న చదరం మిగులుతుంది. ఇప్పుడు అది నిండుగా ఉందనుకోండి. ఒడ్డు పక్క మెట్టు మీద నీళ్లు కొంచెమే, దాని కింద అంతా రాయి. లోపలికి పోయేకొద్దీ రాయి తగ్గి నీళ్లు పెరుగుతాయి. నట్టనడుమ రాయే లేదు, నేల దాకా నీళ్లే.

గన్నవరం ఎయిర్‌పోర్ట్ ఆ అడుగు చదరంలో ఉందనుకోండి. విమానాలు తిరిగే గాలి నీళ్లన్నమాట. నీళ్లున్నంత మేరా ఎవరు ఎటు వెళ్తున్నారో కంట్రోల్ టవర్‌లో ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) వాళ్లు చూసుకుంటారు. పెద్దవాళ్లు కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ అనేది దీన్నే. మనం డ్రోన్ ఆడించుకునేది మెట్ల కింద రాయి ఉన్న చోట. రాయిలో ఎవరైనా ఎలా ఆడతారని చిన్నోడు అడుగుతాడు. పోలిక అక్కడ కొంచెం కుంటుతుంది. కానీ మెట్లు మాత్రం నిజం, వాటికి కొలతలు కూడా ఉన్నాయి.

ఆ కొలతలు 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన డ్రోన్ రూల్స్‌లో ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి 12 కిలోమీటర్లు దాటి, వేరే అడ్డేమీ లేని చోట, నేల మీది నుంచి 120 మీటర్ల దాకా మనది. అంటే 400 అడుగులు. అది గ్రీన్ జోన్, అక్కడ ఎవరినీ అడగక్కర్లేదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య మెట్టు కిందికి దిగుతుంది, 60 మీటర్ల దాకానే మనది. ఆ పైన ఎల్లో జోన్, ఏటీసీ వాళ్లు సరేనంటేనే వెళ్లాలి. 8 కిలోమీటర్ల లోపలికి వస్తే నీళ్లు నేలను తాకినట్టే. డ్రోన్ల కోసం ప్రభుత్వం ఇంటర్నెట్‌లో పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో అక్కడ పసుపు ఉండొచ్చు, ఎరుపు ఉండొచ్చు. ఎరుపులోకి కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా ఎవరూ పోకూడదు. ఈ దూరాలు రన్‌వే నుంచి కాదు, ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి కొలుస్తారు. మీ నాన్నకి ఈ మాట చెప్పండి, చాలామంది పొరబడేది అక్కడే.

మీ ఇల్లు ఆ ప్రహరీకి సుమారు 10 కిలోమీటర్లు ఉంటుంది. అంటే మీరు నడిమి మెట్టు కింద ఉన్నారు. మీ పెరట్లో కొబ్బరి చెట్టు మీద ఇంకో చెట్టు, దాని మీద మరో చెట్టు నిలబెడితే ఎంత ఎత్తో దాదాపు అంత ఎత్తు మీది. నిజం చెప్పాలంటే తక్కువేమీ కాదు. పక్కింటాయన కూడా ఎగరేయొద్దని అనలేదు, మ్యాప్ చూశారా అనే అడిగారు.

నాకు పదేళ్లప్పుడు ఆ కోనేటి దగ్గరే ఒకటి జరిగింది. మీ నాన్నకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

క్షీరాబ్ది ద్వాదశి నాడు మా గుళ్లో తెప్పోత్సవం చేసేవారు. స్వామినీ అమ్మవార్లనూ తెప్ప మీద కూర్చోబెట్టి, ఒడ్డు మీది నుంచి మోకులతో లాగుతూ కోనేటి చుట్టూ తిప్పేవాళ్లు. ఆ రోజు పొద్దున్నుంచే పిల్లల్ని మెట్లు దిగనిచ్చేవారు కాదు. రోజూ మేం ఈదే కోనేరే, ఆ ఒక్క పూట మాది కాదు. నాకు అది అన్యాయంగా తోచింది. మూడు అరటి బోదెలకు వెదురుపుల్లలు గుచ్చి, పైన ప్రమిద పెట్టి, నేనూ ఒక తెప్ప చేశాను. పురికొస కట్టి, చీకటి పడ్డాక మండపం వెనక నుంచి నీళ్లలో వదిలాను. నా తెప్ప కూడా స్వామి వెంట తిరగాలని నా కోరిక. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు.

రెండో చుట్టుకి నా పురికొస వెళ్లి వాళ్ల మోకుకి చుట్టుకుంది. నా ప్రమిద అప్పటికే ఆరిపోయింది. లాగేవాళ్లకు మోకు బిగిసినట్టయి ఒక్కసారి గట్టిగా లాగారు. పెద్ద తెప్ప పక్కకి ఒరిగింది. దీపపు సెమ్మె నీళ్లలో పడింది. పూజారిగారు రెండు చేతులతో ఉత్సవమూర్తులను పొదివి పట్టుకున్నారు. ఒడ్డు మీద ఆడవాళ్లు అరిచిన అరుపు నాకింకా చెవిలో ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్వామికీ ఏమీ కాలేదు.

కోనేటి దగ్గర కాపలా ఉండే పెద్దాయన నన్ను పట్టుకున్నారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. మర్నాడు చీకటి పడ్డాక నన్ను ఆ తెప్ప మీదికే ఎక్కించి, చుట్టూ దీపాలు వెలిగించి, ఒక అరటి బోదెను నీళ్లలోకి విసిరి, "ఎక్కడుందో చూపించు" అన్నారు. నేను చూశాను. దీపాల వెలుగు కళ్లలో పడుతోంది. అవతల నల్లటి నీళ్లు. బోదె నాకు నాలుగు బారల దూరంలోనే ఉందట. నాకు కనిపించలేదు.

అమ్మలూ, ఎల్లో జోన్ గురించి నాకు తెలిసిందంతా ఆ రాత్రి తెప్ప మీద తెలిసిందే. ఒడ్డు మీద నిలబడినవాడికి తెప్పా కనిపిస్తుంది, బోదే కనిపిస్తుంది. తెప్ప మీద ఉన్నవాడికి బోదె కనిపించదు. నీ డ్రోన్ మేడ మీది నుంచి నీకు బాగా కనిపిస్తుంది, పైన పోయే విమానమూ కనిపిస్తుంది. అందుకే పైలట్‌కి కూడా నువ్వు కనిపిస్తావని అనుకుంటావు. దిగబోయే పెద్ద విమానం సెకనుకి 70 మీటర్లు ముందుకొస్తుంది. అరచేతి పొడుగు వస్తువు ఆయన కంటికి ఆనేసరికి తప్పుకోవడానికి వ్యవధే ఉండదు.

ఇది ఉత్త భయం కాదు. 2025 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల అడవులూ ఇళ్లూ తగలబడ్డాయి. మంటలు ఆర్పడానికి కెనడా నుంచి వచ్చిన ఒక విమానం ఉంది. అది సముద్రం మీద వాలి, ఆగకుండానే పొట్టనిండా నీళ్లు తోడుకుని, మళ్లీ లేచి మంటల మీద కుమ్మరిస్తుంది. తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది కదూ! ఒకాయన మంటలు చూద్దామని ఎగరేసిన డ్రోన్ ఆ విమానం రెక్కకి తగిలి చిల్లు పెట్టింది. విమానం క్షేమంగానే దిగింది కానీ, బాగుచేసేదాకా ఎగరలేకపోయింది. ఊళ్లు కాలుతున్న రోజుల్లో నీళ్లు తెచ్చే విమానం ఒకటి తగ్గింది. డ్రోన్ ఎగరేసినాయన దాన్ని కంటికి కనబడనంత దూరం పోనిచ్చాడు. నీ కంటికి కనిపించినంత మేరలోనే తిప్పుకోమని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

చిన్నోడికి ఒక లెక్క ఇస్తాను. విమానాలు సాధారణంగా 3 డిగ్రీల వాలులో దిగుతాయి. కిలోమీటరు ముందుకొస్తే సుమారు 52 మీటర్లు కిందికి దిగుతాయన్నమాట. రన్‌వేకి 10 కిలోమీటర్ల దూరంలో ఎంత ఎత్తులో ఉంటుంది? 2 కిలోమీటర్ల దగ్గర? వేసి చూడు. మొదటిది 520 మీటర్లు వస్తుంది. అప్పుడు నువ్వు తప్పకుండా అడుగుతావు: "విమానం 520 మీటర్ల మీద పోతుంటే నన్ను 60 దగ్గరే ఎందుకు ఆపారు?" అని. ఆకాశంలో పెద్ద విమానాలొక్కటే ఉండవు నాన్నా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో చూశావుగా, మేడల మీద చిక్కుకున్నవాళ్ల కోసం హెలికాప్టర్లు ఎంత కిందికి వచ్చాయో. డ్రోన్లు కూడా ఆ రోజుల్లో అన్నం పొట్లాలు మోశాయి. రెండూ ఒకే గాల్లో తిరగాలంటే మధ్యలో జాగా వదలాలి. గాలికి నీ డ్రోన్ కొట్టుకుపోయినా, చెయ్యి జారి పైకి లేచినా తగలకుండా ఉండేంత జాగా.

తెప్పోత్సవం రోజున కోనేరు మూసేసినట్టు ఆకాశాన్ని కూడా అప్పుడప్పుడూ మూస్తారు. రాష్ట్ర ప్రభుత్వంగానీ పోలీసులుగానీ ఒక చోటును 96 గంటల దాకా తాత్కాలికంగా రెడ్ జోన్ చేయొచ్చు. నిన్న పచ్చగా ఉన్న చోటు ఇవాళ ఎర్రగా ఉండొచ్చు. అందుకే డిజిటల్ స్కై మ్యాప్ ఒకసారి చూస్తే సరిపోదు, ఎగరేసే ప్రతిసారీ చూడాలి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. డ్రోన్‌ని బ్యాటరీతో సహా మీ అమ్మ వంటింటి కాటా మీద పెట్టండి. 250 గ్రాములు దాటకపోతే అది నానో. అది దాటి 2 కిలోల దాకా మైక్రో. నానోకి, సరదా కోసం ఎగరేసే మైక్రోకి పైలట్ సర్టిఫికెట్ అడగరు. ఆ సర్టిఫికెట్ కావాలంటే ఎలాగూ 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి. బండికి నంబర్ ప్లేటులా డ్రోన్‌కీ ఒక నంబర్ ఉంటుంది, యూఐఎన్ అంటారు. ఆ సంగతి మీ నాన్న చూసుకుంటాడు. కానీ సర్టిఫికెట్ అక్కర్లేదు కదా అని మెట్లు కూడా లేవనుకోకండి. చిన్నదైనా పెద్దదైనా మెట్లు అందరికీ ఒక్కటే. రూల్ తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. నాకు మాత్రం మీరు ఆ లక్షకి భయపడి ఆగడం ఇష్టం లేదు. తెప్ప మీద కూర్చున్నవాళ్లను తలుచుకుని ఆగండి.

ఇంకొకటి. అమెరికా నుంచి వచ్చేటప్పుడు మామయ్య పెద్ద డ్రోన్ తెస్తానన్నాడటగా. వద్దని ఇప్పుడే చెప్పండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశాల్లో తయారైన డ్రోన్లను మన దేశంలోకి తేవడం నిషేధం. రక్షణ, భద్రత, పరిశోధన లాంటి పనులకే మినహాయింపు. పాపం, కొన్నాక కస్టమ్స్ దగ్గర వదిలేసి రావాల్సి వస్తుంది. దాని బదులు మంచి బైనాక్యులర్స్ తెమ్మనండి.

ఎందుకంటే ఈ ఆదివారం మీకో పని పెడుతున్నాను. డ్రోన్ వద్దు. సాయంత్రం ఎండ తగ్గాక ఎయిర్‌పోర్ట్ వైపు తిరిగి మేడ మీద నిలబడండి. చెయ్యి ముందుకి బాగా చాచి, చూపుడు వేలు, మధ్య వేలు రెండూ కలిపి అడ్డంగా పట్టండి. ఆ రెండు వేళ్ల మందం దాదాపు 3 డిగ్రీలు. నేల అంచు మీద ఆ వేళ్లు ఆనించి చూస్తే, విమానం ఎంత పల్చటి వాలు మీద దిగుతుందో తెలుస్తుంది. ముందు దీపం ఒక్కటే కనిపిస్తుంది. తర్వాత రెక్కలు, తర్వాత చక్రాలు, ఆ తర్వాత చప్పుడు. పెద్ద వాటిలో వందమందికి పైగా కూర్చుని ఉంటారు, కిటికీ పక్కవాళ్లు కిందికి చూస్తుంటారు. వాళ్లకి మీ మేడ అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. చెయ్యి ఊపండి. వాళ్లకి కనిపించదు, అయినా ఊపండి.

చీకటి పడేలోగా ఎన్ని దిగాయో, ఎన్ని లేచాయో లెక్కపెట్టి నాకు రాయండి. చిన్నోడా, మధ్యలో మరిచిపోతే అక్క దగ్గర అడిగి తెలుసుకో, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి విమానాలు ఆగవు.

ఆశీస్సులతో,
తాతయ్య