తాటిచెట్టెక్కే రైలు

అరకు వెళ్ళే రైల్లో, బొర్రా దాటాక, మా మేనకోడలు ఉన్నట్టుండి అడిగింది: "మామయ్యా, ఇదీ కొండే, ఊటీదీ కొండే. మరి ఈ రైలుకు పళ్ళెందుకు లేవు?"

అంతకుముందు వేసవిలో దాన్ని ఊటీ తీసుకెళ్ళాను. హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఇంజను నీళ్ళు పట్టుకుంటుంటే జనమంతా దిగి, కొనుక్కున్న తినుబండారాలు కోతులకు సమర్పించుకుంటున్నారు. ఇది మాత్రం గొంతుకూర్చుని పట్టాల మధ్యకు చూస్తోంది. మామూలు పట్టాలు రెండూ అటూ ఇటూ ఉంటే, నడిమధ్యలో రంపాల్లాంటి రెండు ఇనుప పట్టీలు, పళ్ళు ఆకాశానికి పెట్టి, పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఇంజను కింది పళ్ళ చక్రం వాటిని పట్టుకునే కొండెక్కుతుంది. పళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. ఒక పంటి మీద వేలు పెట్టి చూసి, ఆ వేలు కొత్త గౌనుకు తుడుచుకుంది. చివాట్లు నాకు పడ్డాయి.

ప్రశ్న మాత్రం మంచిది. జవాబు లెక్కలోనే ఉంది.

ఊటీ రైలు బయల్దేరే మెట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తు, ఊటీ 2203 మీటర్లు. మధ్య దూరం 46 కిలోమీటర్లు. ఇందులో పళ్ళ పట్టా ఉన్నది దారిమధ్య స్టేషన్లయిన కల్లార్ నుంచి కూనూరు దాకా, సుమారు 19 కిలోమీటర్లే. ఆ ముక్కలో పన్నెండున్నర మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకెక్కే చోట్లున్నాయి. అరకు దారిలో అదే ఒక్క మీటరు ఎక్కడానికి కనీసం అరవై మీటర్లు తీసుకుంటారు. అందుకే అక్కడ అన్ని సొరంగాలు, అన్ని మలుపులు. ఏటవాలు తగ్గాలంటే దారి పొడుగు పెరగాలి. డార్జిలింగ్ రైలు కూడా పళ్ళు లేకుండానే, చుట్లు తిరిగి, ముందుకూ వెనక్కూ జడలల్లినట్టు నడిచి ఎక్కుతుంది. నీలగిరిలో నిట్టనిలువు లోయల మధ్య అంత తిరగడానికి చోటేదీ?

సరే, లెక్క. రైలు మొత్తం వంద టన్నులనుకుందాం, అందులో ఇంజను యాభై. 12.5కు 1 వాలులో భూమి వెనక్కి లాగే బలం వందలో పన్నెండున్నరో వంతు, అంటే ఎనిమిది టన్నులు. ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే ఉందనుకున్నా, దాని పట్టు ఉక్కుకూ ఉక్కుకూ మధ్య ఘర్షణను బట్టి ఉంటుంది. పట్టా పొడిగా ఉంటే బరువులో పాతిక శాతం దాకా, అంటే పన్నెండున్నర టన్నులు. ఫరవాలేదు, ఎక్కేస్తుంది. కానీ మంచు కురిసి, యూకలిప్టస్ ఆకు రాలి నలిగిందంటే ఆ పట్టు పది శాతానికి దిగుతుంది. ఐదు టన్నులు. కావలసింది ఎనిమిది. చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అంతకన్నా ఘోరం, దిగేటప్పుడు బ్రేకు బిగించినా జారుతుంది.

ఇప్పుడు కూనూరు దాటి చూడండి. అక్కడి నుంచి ఊటీకి వాలు 23కు 1 మించదు. కావలసిన బలం నాలుగున్నర టన్నులకు లోపే, వానలోనూ ఐదున్నాయి. పళ్ళ పట్టా సరిగ్గా కూనూరులో ఎందుకు ఆగిపోయిందో ఈ రెండు అంకెలు చెప్పేస్తాయి. కూనూరు పైన ఇప్పుడు మామూలు డీజిలు ఇంజనే లాగుతోంది.

వింతేమిటంటే పళ్ళ పట్టా పుట్టింది కొండ కోసం కాదు. 1812లో ఇంగ్లండులోని లీడ్స్ దగ్గర జాన్ బ్లెంకిన్‌సాప్ బొగ్గు బండ్ల కోసం పట్టా పక్కనే పళ్ళు పెట్టించాడు. నునుపు పట్టా మీద నునుపు చక్రం జారుతుందని ఆ కాలం వాళ్ళు మూఢంగా నమ్మారని క్లాసులో నవ్వుతూ చెప్పేస్తుంటారు. ఇది అన్యాయం. అప్పటి పట్టాలు పోత ఇనుపవి, బరువైన ఇంజను ఎక్కితే విరిగేవి. ఇంజను తేలికైతే పట్టు చాలదు. పైన మనం వేసిన లెక్కే ఆయనా వేసుకున్నాడు, అంతే. మరుసటి ఏడాదే విలియం హెడ్లీ నునుపు చక్రాలు చాలని చూపించాక పళ్ళు మూలనపడ్డాయి. 1869లో అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ ఎక్కడానికి సిల్వెస్టర్ మార్ష్, 1871లో స్విట్జర్లాండులో రీగీ కొండకు నిక్లాస్ రిగ్గెన్‌బాక్ వాటిని మళ్ళీ బయటికి తీశారు.

రిగ్గెన్‌బాక్‌ది అచ్చంగా నిచ్చెన. పట్టాల మధ్య ఇనుప నిచ్చెన పడుకోబెట్టి, ఇంజను కింది పళ్ళ చక్రంతో మెట్టు మెట్టూ పట్టుకుని ఎక్కించాడు. నీలగిరికీ అలాంటిదే వేద్దామని 1882లో ప్రతిపాదించిందీ ఆయనే. చివరికి ఇక్కడికి వచ్చింది మాత్రం ఆయన దగ్గర పనిచేసిన కార్ల్ రోమన్ ఆబ్ట్ పద్ధతి.

తాడి ఎక్కే గీత కార్మికుణ్ణి చూసినవాళ్ళకు ఆబ్ట్ గొప్పతనం వివరించనక్కర్లేదు. చెట్టునూ నడుమునూ చుట్టి మోకు, పాదాలకు గుజి. మోకు మీదికి వెనక్కి వాలి, బరువు దానికి అప్పగించి, కాళ్ళు రెండూ పైకి ముడుచుకుంటాడు. గుజిని మానుకు అదిమి నిలబడి, ఇప్పుడు మోకును ఎగరేసి పైకి జరుపుతాడు. మోకు కదులుతుంటే గుజి పట్టు, గుజి కదులుతుంటే మోకు పట్టు. రెండూ ఒకేసారి వదిలే క్షణం ఉండదు. ఉంటే "మోకు జారి" అని మర్నాడు పేపర్లో వార్త.

ఒంటి నిచ్చెనలో పన్ను ఒక మెట్టు వదిలి మరో మెట్టు అందుకునేటప్పుడు బరువు చేతులు మారుతుంది, మారినప్పుడల్లా చిన్న కుదుపు. ఆబ్ట్ రెండు పట్టీలు పెట్టి, ఒకదాని పళ్ళను రెండోదానికంటే సగం పన్ను దూరం జరిపాడు. ఇంజను కింది చక్రాన్నీ అలాగే జోడు చక్రం చేశాడు. కుడి పన్ను వదలబోయే వేళకు ఎడమ పన్ను నిండుగా దిగి ఉంటుంది. పట్టీల అతుకులు కూడా ఒకే చోట పడనివ్వలేదు, కుడి పట్టీ అతుకు దగ్గర ఎడమ పట్టీ అఖండంగా ఉంటుంది. మోకు ముడి ఉన్నచోట గుజి ముడి ఉండకూడదన్నట్టు. పోలిక ఒక్కచోట తెగుతుంది: మోకు పట్టేది రాపిడితో, పన్ను పట్టేది ఆకారంతో. మాను తడిస్తే మోకు జారవచ్చు, పన్ను జారదు. అందుకే మామూలు పట్టా మీద పట్టు కోసం ఇసుక చల్లే రైలువాళ్ళే, పళ్ళకు మాత్రం అరగకుండా గ్రీజు పూస్తారు. ఇంజను ముందు నిమ్మకాయ తొక్కించేవాళ్ళకు ఒక మనవి: నిమ్మరసం ఘర్షణ తగ్గిస్తుంది.

అన్నట్టు, ఏ.బి.టి. అంటే ఆల్టర్నేట్ బైటింగ్ ఏదో అని విడదీసి చెప్పేవాళ్ళున్నారు. అది ఇందాకటి ఆబ్ట్ పేరే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకటి మార్చి ఒకటి కరుస్తుందన్నది నిజమే కాబట్టి ఆ అబద్ధం చావకుండా బతుకుతోంది.

1854లో మొదలైన నీలగిరి రైలు మాట, 1891లో పనిగా మారి, 1899లో కూనూరు, 1908లో ఊటీ చేరింది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఇవి ఎక్కడైనా దొరికే సంగతులు. నాకు మక్కువ ఇంజను మీద. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్‌లో చేసిన ఎక్స్ క్లాసు ఇంజనుకు పక్కకు రెండేసి, మొత్తం నాలుగు సిలిండర్లు. కింది జత మామూలు చక్రాలను తిప్పుతుంది. పై జత పళ్ళ చక్రాన్ని. కల్లార్ దాకా బాయిలరు ఆవిరి కింది జతలో పనిచేసి పొగగొట్టంలోంచి పోతుంది. పళ్ళ దారి మొదట్లో పట్టీ ముక్క స్ప్రింగుల మీద ఉంటుంది, పన్నూ పన్నూ ఎదురెదురుగా తగిలినా అణిగి సర్దుకోవడానికి. అక్కడ నెమ్మదిగా పట్టు కుదిరాక డ్రైవరు దారి మళ్ళిస్తాడు: కింది సిలిండర్లు వాడి వదిలిన ఆవిరి, ఇంకా సత్తువ చావకముందే, పై సిలిండర్లలో దూరుతుంది. ఒకే ఆవిరికి రెండు కొలువులు. పక్కన నిలబడి చూస్తే పై కడ్డీలు కింది వాటికి ఎదురు దిక్కులో, హడావిడిగా తిరుగుతుంటాయి. మధ్యలో గేరు ఉంది కాబట్టి అలా తిరగాల్సిందే, కానీ చూసేవాళ్ళకు ఇంజను తనతో తానే పోట్లాడుతున్నట్టుంటుంది.

ఎక్కడం కాదు, అసలు పరీక్ష దిగడం. వంద టన్నుల రైలు కూనూరు నుంచి కల్లార్‌కు సుమారు 1300 మీటర్లు దిగితే వదిలే శక్తి, నాలుగు వేల లీటర్ల చన్నీళ్ళను మరిగేదాకా కాచగలదు. ఎండాకాలం మన వీధుల్లోకొచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఉందే, దాదాపు అంత. ఆ వేడంతా బ్రేకులు మింగాలి. అందుకే ఇంజను ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది. ఎక్కేటప్పుడు వెనకనుంచి నెడుతుంది, దిగేటప్పుడు ముందుండి ఆపుతుంది, కొక్కెం తెగినా పెట్టెలు దాన్ని దాటిపోలేవు. పెట్టెపెట్టెకూ ఒక బ్రేకుమనిషి, ఇంజను ఈల విని బిగించడానికో వదలడానికో. అన్నిటికంటే ముందు పెట్టెలో నిలబడ్డ మనిషి చేతిలో జెండాలు, ఎందుకంటే వెనకున్న డ్రైవరుకు ముందు దారి కనబడదు.

ఇదంతా అరకు చేరేలోపు చెప్పాను, సగం విందనుకుంటాను. "మరి ఈ రైలు వానొస్తే?" అంది. అరకులో దిగాక ప్లాట్‌ఫాం చివరిదాకా నడిపించి, ఇంజను చక్రం ముందు పట్టా మీదికి వంగి ఉన్న సన్నటి గొట్టం చూపించాను. అందులోంచి ఇసుక పడుతుందన్నాను.

"ఇసుకా? రైలుకా?" అని, గొట్టంలోకి వేలు పెట్టబోయింది. ఈసారి చెయ్యి పట్టుకున్నాను.